గట్టు మీద నిలబడి చూడాల్సిన వెబ్‌సైట్

భీమవరం దగ్గర ఒక రొయ్యల చెరువు గట్టు. మధ్యాహ్నం ఒంటిగంట ఎండ. రొయ్యల పట్టుబడికి ఇంకో రెండు రోజులుంది. రైతు చేతికి అంటిన మేత పొడిని లుంగీకి తుడుచుకుని ఫోన్ తీశారు. రొయ్యలు కొనే ఒక వ్యాపారి కోసం నేను చేసిన వెబ్‌సైట్‌లో ఆ రోజు రేటు చూడాలని. పేజీ తెరుచుకుంది. కళ్లు చికిలించి కాసేపు చూసి, ఫోన్ నా వైపు తిప్పారు. "ఏంటబ్బాయ్, కౌంట్లు వేశారు, రేట్లు వెయ్యలేదేంటి?"

వేశాను. పట్టికలో ఐదు నిలువు వరుసలు. మొదటిది కౌంట్, అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. తర్వాత తేదీ, ఊరు, నిన్నటి రేటు, చిట్టచివర ఈరోజు రేటు. నా టేబుల్ మీది స్క్రీన్‌లో ఐదూ ఒక్క చూపులో కనపడేవి. ఆయన ఫోన్‌లో మూడో వరుస సగంలోనే స్క్రీన్ అయిపోయింది. వేలితో పక్కకు జరిపితే రేటు వచ్చింది కానీ కౌంట్ ఎడమవైపు నుంచి జారిపోయింది. దాంతో 50 కౌంట్ రేటును 40 కౌంట్‌ది అనుకున్నారు. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. కేజీకి పది రూపాయల తేడా వచ్చినా టన్నుకు పదివేలు. ఒక పట్టిక వెడల్పు వల్ల అంత పొరపాటు జరగొచ్చని ఆ గట్టు మీదే నాకు తెలిసింది.

అప్పటి నుంచి మొబైల్ వెబ్‌సైట్లలో కనపడే తప్పులను ఒక్కొక్కటిగా విప్పి చూస్తున్నాను. చూడ్డానికి వేర్వేరుగా ఉన్నా దాదాపు అన్నిటికీ వేరు ఒకటే. పేజీ తయారయ్యేది ఫ్యాన్ కింద, వైఫై ఉన్న గదిలో, పెద్ద స్క్రీన్ మీద. చదివేది ఎండలో, తడి చేత్తో, ఒక గీత సిగ్నల్‌లో.

360 మాత్రమే

ముందు అందరినీ తికమక పెట్టే లెక్క ఒకటుంది. ఫోన్ డబ్బా మీద 1080 బై 2400 పిక్సెళ్లు అని రాసి ఉంటుంది. కంప్యూటర్ మానిటర్ వెడల్పు 1920. అయితే ఫోన్‌లో సగానికి పైగా చోటుంది కదా అని పని నేర్చుకునే పిల్లలు అడుగుతుంటారు. నిజానికి అలాంటి చాలా ఫోన్లలో వెబ్ పేజీకి దొరికే వెడల్పు 360 మాత్రమే. ఫోన్ చుక్కలు మరీ సన్నవి కాబట్టి అడ్డంగా మూడు, నిలువుగా మూడు చుక్కల్ని కలిపి పేజీ ఒక పిక్సెల్‌గా లెక్కేసుకుంటుంది. 1080ని మూడుతో భాగిస్తే 360. డిజైన్ గీసుకోవాల్సింది ఆ వెడల్పుకి.

పేజీ కోడ్ మొదట్లో ఉండే వ్యూపోర్ట్ ట్యాగ్ అనే ఒక్క వరుసది కూడా ఇదే కథ. 2007లో ఐఫోన్ వచ్చేనాటికి వెబ్‌లో ఉన్నవి దాదాపు అన్నీ కంప్యూటర్ కోసం చేసిన పేజీలు. వాటిని చూపించడానికి యాపిల్ ఒక ఉపాయం పట్టింది. పేజీ వెడల్పు 980 పిక్సెళ్లు అనుకుని గీసి, మొత్తాన్ని స్క్రీన్‌లో పట్టేలా కుదిస్తుంది. మిగతా ఫోన్ బ్రౌజర్లు కూడా ఇదే దారిలో వెళ్లాయి. ఈ పేజీ ఫోన్‌కి తగ్గట్టే ఉంది, అసలు వెడల్పు తీసుకో అని బ్రౌజర్‌కి చెప్పేదే ఆ ఒక్క వరుస. అది మర్చిపోతే 16 పిక్సెళ్ల అక్షరం 360 స్క్రీన్ మీద ఆరుకు కుంచించుకుపోతుంది. ఆవగింజల వరుసలా కనపడుతుంది.

కొందరు ఈ వరుస రాస్తూనే, వేళ్లతో పేజీని పెద్దది చేసుకోవడానికి వీల్లేకుండా తాళం వేస్తారు. డిజైన్ చెదిరిపోతుందని వాళ్ల భయం. చత్వారం వచ్చిన మనిషికి ఉన్న ఒక్క దారినీ మూసెయ్యడం అది. ఐఫోన్లు 2016లో ఐఓఎస్ 10 నుంచి ఆ తాళాన్ని పట్టించుకోవడం మానేశాయి. మనం కూడా మానెయ్యాలి.

స్క్రీన్‌ని బట్టి సర్దుకునే పద్ధతికి 2010లో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టారు. ఇప్పుడు రెడీమేడ్ థీములు, అంటే సిద్ధంగా దొరికే డిజైన్లు, దాదాపు అన్నీ ఆ పద్ధతిలోనే వస్తాయి. అందుకే మా సైట్ మొబైల్‌లో బాగానే ఉంటుందండీ అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ పద్ధతి ఉన్నవాటిని కిందకి కిందకి పేర్చి పట్టిస్తుంది, అంతే. ఏది ముందుండాలో దానికి తెలియదు. రొయ్యల రేట్ల పేజీని మళ్లీ చేసినప్పుడు కోడ్ కంటే ఎక్కువ సమయం ఈ ఆలోచనకే పట్టింది. తేదీ ప్రతి వరుసలోనూ ఎందుకు? పైన ఒక్కసారి చాలు. ఊరు ఒకసారి ఎంచుకుంటే గుర్తు పెట్టుకోవచ్చు. నిన్నటి రేటుకు బదులు పెరిగిందో తగ్గిందో చెప్పే చిన్న బాణం గుర్తు సరిపోతుంది. మిగిలినవి రెండే, కౌంట్, దాని పక్కనే రేటు, పెద్ద అంకెల్లో. పక్కకు జరపాల్సిన అవసరమే లేకుండా పోయింది.

నిజంగా వెడల్పు పట్టికే కావాల్సి వస్తే, మొదటి నిలువు వరుసను కదలకుండా నిలిపి మిగతాది మాత్రం జరిగేలా చెయ్యాలి. పేజీ మొత్తం అటూ ఇటూ ఊగకూడదు.

పంటు లెక్క

పేజీ స్లోగా ఉందండీ అని ఫోన్ వస్తుంది. ఆ ఒక్క మాట వెనక కనీసం మూడు వేర్వేరు జబ్బులుంటాయి. ఒకదానికి వెయ్యాల్సిన మందు ఇంకోదానికి వేస్తే ఏమీ మారదు.

మొదటిది బరువు. కడియం వైపు ఒక నర్సరీవాళ్లు మొక్కల ఫొటోలు ఇరవై పెట్టారు. ఫోన్‌తో తీసినవి తీసినట్టే ఎక్కించేశారు. ఒక్కోటి సుమారు 4 ఎంబీ, మొత్తం 80. సిగ్నల్ సెకనుకు ఒక మెగాబిట్ అందే చోట ఒక్క ఫొటో దిగడానికి 32 సెకన్లు, ఇరవై దిగడానికి పది నిమిషాలు దాటుతుంది. 360 వెడల్పు స్క్రీన్‌కి నాలుగు వేల పిక్సెళ్ల ఫొటో పంపడం అంటే చెంబుడు నీళ్లకి ట్యాంకర్ తోలినట్టే. వెడల్పు 800కి తగ్గించి వెబ్‌పీ అనే తక్కువ బరువు ఫొటో రూపంలో భద్రపరిస్తే ఒక్కోటి 100 కేబీకి అటూ ఇటూ వస్తుంది, ఆకు ఈనెలు కూడా స్పష్టంగానే కనపడతాయి. పైన కనపడే మూడింటినే ముందు దించి, మిగతావి కిందకు జరిపినప్పుడు వచ్చేలా పెడితే మూడు సెకన్లలోపే మొక్కలు కళ్ల ముందుంటాయి.

రెండోది రాకపోకలు. దీన్ని అర్థం చేసుకోవడానికి సఖినేటిపల్లి, నరసాపురం మధ్య వశిష్ఠ గోదావరి మీద బళ్లను దాటించే పంటును తలుచుకుంటే చాలు. పంటు మీద ఎన్ని బళ్లు పడతాయన్నది ఒక లెక్క, అటు వెళ్లి ఇటు రావడానికి ఎంత సేపన్నది ఇంకో లెక్క. పంటు ఎంత పెద్దదైనా ఒక్కో బండిని ఒక్కో ట్రిప్పులో పంపితే సాయంత్రమైనా రేవు ఖాళీ అవదు. పేజీ కూడా అంతే. ఫోన్ ఒక కొత్త సర్వర్‌తో, అంటే పేజీని పంపే అవతలి కంప్యూటర్‌తో, మాట్లాడాలంటే ముందు దాని అడ్రసు కనుక్కోవాలి, పలకరించాలి, ఆ తర్వాత రహస్య తాళం కుదుర్చుకోవాలి. వీటన్నిటికీ అటూ ఇటూ తిరగాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ఒక్కో రాకపోకకు 200 మిల్లీసెకన్లు పట్టినా, మూడు నాలుగు తిరిగేసరికి ముప్పావు సెకను పోతుంది. అప్పటికి పేజీలో ఒక్క అక్షరం కూడా రాలేదు. ఫాంటు ఒక చోటు నుంచి, చాట్ పెట్టె ఇంకో చోటు నుంచి, ప్రకటన మరో చోటు నుంచి, ఎంతమంది చూశారో లెక్కపెట్టేది వేరే చోటు నుంచి తెప్పిస్తే ప్రతిదానికీ మళ్లీ పలకరింపులు మొదటి నుంచి. ఫొటోలు తగ్గించినా పేజీ స్లోగానే ఉందంటే చాలాసార్లు కారణం ఇదే. పేజీలో బయటి నుంచి వచ్చేవి ఎన్నున్నాయో ఒక కాగితం మీద రాసి, ఇది తీసేస్తే ఎవరికైనా నష్టమా అని ఒక్కోదాన్నీ అడగాలి. సగం పోతాయి.

మూడోది ఫోన్ ఆయాసం. పేజీ వచ్చేసింది, బటన్ కనపడుతోంది, నొక్కితే మాత్రం చలనం లేదు. ఫొటో వస్తే ఫోన్ దాన్ని విప్పి చూపిస్తుంది, పని అయిపోతుంది. అదే బరువు ఉన్న జావాస్క్రిప్ట్, అంటే పేజీలో బటన్లవీ పని చేయించే కోడ్, వస్తే దాన్ని చదివి, అర్థం చేసుకుని, నడపాలి. తక్కువ ధర ఫోన్‌కి అది చాలా ఎక్కువ పని. ఆ సమయంలో వేలు నొక్కినది వరుసలో నిలబడి ఉంటుంది. నొక్కినవాళ్లకు ఆ సంగతి తెలియదు కాబట్టి మళ్లీ నొక్కుతారు. ఆర్డర్ రెండుసార్లు వెళ్తుంది. డబ్బు విషయమైతే అక్కడి నుంచి మొదలయ్యే టెన్షన్ చెప్పనక్కర్లేదు. నొక్కిన వెంటనే బటన్ రంగు మారి, పంపుతున్నాం అన్న మాట కనపడాలి. రెండోసారి నొక్కినా అదే ఆర్డర్ అని సర్వర్ గుర్తుపట్టాలి.

ఇవి కాక పేజీ కుదుపు ఒకటుంది. చదువుతుంటే పైన ఏదో ప్రకటన దిగి వరుసలన్నీ కిందకి తోసుకుపోతాయి, వేలు ఇంకో చోట పడుతుంది. ఫొటోకి ఎంత చోటు కావాలో ముందే కోడ్‌లో రాసి ఉంచితే ఇది చాలావరకు పోతుంది.

వీటికి గూగుల్ 2020లో కొలతలు ప్రకటించింది. పేజీలోని ముఖ్య భాగం 2.5 సెకన్లలోపు కనపడాలి, కుదుపు స్కోరు 0.1 దాటకూడదు. నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన అన్నది 2024 మార్చిలో చేరింది. నూటికి 75 సందర్శనల్లో ఇవి నిలవాలి. ఆఫీసు వైఫైలో ఒకసారి పాసయితే చాలదు.

ఒత్తు తెగిన తెలుగు

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. తెలుగు సైట్లు చేస్తున్నవాళ్లలో కూడా చాలామంది ఇంగ్లిష్ అక్షరాలతో డిజైన్ గీసి, చివర్లో తెలుగు మాటలు అందులో కూరతారు. ఇంగ్లిష్ అక్షరం ఒక గీత మీద కూర్చుంటుంది. మన అక్షరానికి పైన గుడి, ఏత్వం ఉంటాయి, కింద ఒత్తులు వేలాడతాయి. రెండు వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కి సరిపోయినంతే ఇస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. బటన్ ఎత్తు బిగించేసి ఉంటే ఒత్తు తెగిపోతుంది. కొబ్బరి కాస్తా కొబరి, చెల్లింపు కాస్తా చెలింపు. వరుసల ఎడం అక్షరం సైజుకు 1.6 రెట్లకు తగ్గకుండా ఉంచి, బటన్ ఎత్తును మాటను బట్టి పెరగనిస్తే ఇది రాదు. సైజు కూడా 16 పిక్సెళ్ల కంటే తగ్గించకూడదు. ప, వ, మ పక్కపక్కన పడినప్పుడు తేడా చూపించేది చిన్న గీతలే, సైజు తగ్గితే ముందు పూడిపోయేవి అవే.

ఇంకో తప్పు అక్షరాలు లెక్కపెట్టడంలో ఉంది. ద్రాక్షారామం అన్న మాట మన కంటికి నాలుగు అక్షరాలు. ద్రా, క్షా, రా, మం. కంప్యూటర్‌కి పన్నెండు. హల్లు, పొల్లు గుర్తు, దీర్ఘం, సున్న అన్నీ విడివిడిగా ఉంటాయి యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ అక్షరాలను దాచుకునే పద్ధతిలో. శీర్షిక పొడుగైతే ఇన్ని అక్షరాల దగ్గర కోసి చుక్కలు పెట్టు అని రాసిన కోడ్ ఆ మాటను ఆరు దగ్గర కోస్తే మిగిలేది ద్రాక్ అని పొల్లుతో వేలాడే ముక్క. కోయాల్సి వస్తే మాటకీ మాటకీ మధ్య కోయాలి. పేరు రాసే గడిలో కూడా ఇదే లెక్క దెబ్బ తీస్తుంది. ఇంటిపేరుతో కలిపి పూర్తి పేరు తెలుగులో రాస్తుంటే గడి మధ్యలోనే ఆగిపోతుంది, ఎందుకో రాసేవాళ్లకు అంతుపట్టదు.

ఫాంటు బరువు గురించి కూడా చెప్పాలి. గుణింతాలు, ఒత్తుల రూపాలు అన్నీ ఉండాలి కాబట్టి తెలుగు ఫాంటు ఇంగ్లిష్ ఫాంటు కంటే బరువు. మండలి, రామభద్ర లాంటి అందమైన ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. అవి శీర్షికలకు వాడుకుని, మిగతా పాఠాన్ని ఫోన్‌లో ముందే ఉన్న తెలుగు ఫాంటుకు వదిలెయ్యడం నా పద్ధతి. కొత్త ఫాంటు దిగేదాకా తెల్ల పేజీ చూపించకుండా, ఫోన్ ఫాంటుతోనే పాఠం కనపడేలా ఒక్క వరుస రాస్తే సరిపోతుంది.

ఇక మాటలు. డౌన్‌లోడ్‌కి బదులు దిగుమతి అని పెట్టిన పేజీ ఒకటి చూశాను. రొయ్యల ఎగుమతి మీద బతికే ప్రాంతంలో దిగుమతి అంటే విదేశం నుంచి సరుకు రావడం. ఆ బటన్ మీద వేలు పెట్టడానికి ఎవరికి ధైర్యం చాలుతుంది? ఆర్డర్ పెట్టండి, ఫోన్ చెయ్యండి, రసీదు చూడండి అని మనుషులు ఎలా మాట్లాడుకుంటారో బటన్ మీదా అలాగే ఉండాలి. ఫోన్ సెట్టింగ్ ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి ఈ మనిషికి ఇంగ్లిష్ పేజీ అని తేల్చెయ్యడం కూడా సరికాదు. మా ఇళ్లలో ఫోన్ ఇంగ్లిష్‌లో ఉంచుకుని తెలుగు చదివేవాళ్లే ఎక్కువ. భాష మార్చుకునే చోటు పేజీ పైనే, తెలుగు అన్న మాట తెలుగు అక్షరాల్లోనే ఉండాలి.

ఫారం దగ్గర ఆగిపోయే వేలు

ఫోన్ నంబర్ గడిలో వేలు పెడితే అంకెల కీబోర్డు రావాలి. ఒక్క మాట కోడ్‌లో చేరిస్తే వస్తుంది, అయినా సగం సైట్లలో అక్షరాల కీబోర్డే వస్తుంది. ముందు సున్నా పెట్టినా, మధ్యలో ఖాళీ వదిలినా తప్పు అని ఎర్రటి మాట చూపించే బదులు ఆ సున్నాను, ఖాళీని మనమే తీసెయ్యొచ్చు. పుట్టిన తేదీకి క్యాలెండర్ ఇచ్చి నెల నెలా వెనక్కి నొక్కించే పేజీలున్నాయి. యాభై ఏళ్ల మనిషి ఆరువందల సార్లు నొక్కాలి. మూడు గడులిచ్చి అంకెలు రాయమంటే అయిపోతుంది.

ఓటీపీ దగ్గర జరిగేది మరీ అన్యాయం. ఫారమంతా నింపి, మెసేజ్ చూడ్డానికి అవతలికి వెళ్లి వచ్చేసరికి పేజీ మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటుంది. నింపినదంతా పోతుంది. చాలా ఇళ్లలో నంబర్ కొడుకు పేరు మీద ఉంటుంది, కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. ఆయనకు ఫోన్ చేసి ఆరు అంకెలు కనుక్కునేలోపు టైము అయిపోతుంది. నింపినది ఫోన్‌లోనే దాచి ఉంచడం, ఓటీపీకి తగినంత గడువివ్వడం, ఒక గడిలో తప్పుంటే ఆ గడి దగ్గరికే తీసుకెళ్లి మిగతావి ముట్టుకోకపోవడం, ఇవి పెద్ద పనులేమీ కావు.

మిగతావి త్వరగా చెప్తాను. బటన్ కనీసం 48 పిక్సెళ్లు ఉండాలి, సుమారు 9 మిల్లీమీటర్లు, బొటనవేలికి సరిపోయేంత. యాపిల్ 44 అంటుంది. ఆర్డర్, రద్దు బటన్లు ఆనుకుని ఉండకూడదు. లేత బూడిద రంగు అక్షరాలు గదిలో హుందాగా ఉంటాయి, ఎండలో మాయమవుతాయి. అక్షరానికీ వెనక రంగుకీ వెలుగు తేడా 4.5కు 1 కంటే తగ్గకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. మౌస్ పైన పెడితేనే కనపడే వివరం ఫోన్‌లో లేనట్టే. పేజీ తెరవగానే స్క్రీనంతా కమ్మేసే పెట్టెలున్న సైట్లను గూగుల్ 2017 జనవరి నుంచి వెతుకులాటలో వెనక్కి నెడుతోంది. ఫోన్ నంబర్‌ని బొమ్మలో పెట్టొద్దు, నొక్కితే కాల్ వెళ్లేలా పెట్టాలి. మా వైపు వ్యాపారం చివరికి తేలేది మాట మీదే.

వరద రోజున పేజీ

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ 10 లక్షలకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. లంకల్లో ఉన్నవాళ్లు ఆ అంకె కోసమే ఫోన్ చూస్తుంటారు. కరెంటు ఉండదు, ఛార్జింగ్ ఎంత ఉందో చూసుకుంటూ వాడాలి, టవర్ ఎప్పుడు ఆగుతుందో తెలియదు. అలాంటి రోజున ఆ అంకెను ఫొటోగా తయారుచేసి, అటూ ఇటూ జరిగే స్లైడర్‌లో మూడో బొమ్మగా పెడితే అది ఎవరికి చేరుతుంది? అంకె మామూలు అక్షరాల్లో పేజీ మొదటి వరుసలో ఉండాలి. దాని పక్కనే ఏ గంటకు రాసిందో ఉండాలి, ఎందుకంటే పొద్దుటి అంకెను సాయంత్రం చదివి ఫర్వాలేదనుకోవడం ప్రమాదం. ఆ రెండూ కలిపి ఒక కిలోబైటు కూడా అవదు. ఏ సిగ్నల్‌లోనైనా దిగుతాయి. మిగతా హంగులన్నీ వాటి తర్వాత రావచ్చు, రాకపోయినా కొంప మునగదు.

కంప్యూటర్‌లో ఫోన్ సైజు స్క్రీన్ చూపించే సాధనాలు ఉన్నాయి, నేనూ వాడతాను. ఎండ, తడి వేలు, నిండిపోయిన మెమరీ మాత్రం అందులో ఉండవు. అందుకే పేజీ పూర్తయ్యాక వాడబోయే మనిషి ఫోన్‌లోనే తెరిపిస్తాను. అక్షరాలు పెద్దవి చేసి పెట్టుకున్న ఫోన్ అయితే మరీ మంచిది, ఎక్కడ విరుగుతుందో వెంటనే తెలుస్తుంది. ఏం నొక్కాలో చెప్పను, పక్కన నిలబడి వేలు ఎటు పోతుందో చూస్తాను.

మొన్న అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి కోసం చేసిన పేజీని ఆయన భార్య చేతికిచ్చాం. వెయ్యి కాయల ధర చూడమన్నాం. ఆమె కింద ఉన్న బటన్ వైపు చూడనే లేదు. కొబ్బరికాయ బొమ్మ మీద నొక్కారు, ఏమీ రాలేదు, మళ్లీ నొక్కారు. "పని చెయ్యట్లేదండీ" అని ఫోన్ తిరిగిచ్చేశారు. ఆ సాయంత్రమే బొమ్మ నొక్కినా ధర వచ్చేలా మార్చాను.